ఐదు రోజుల వెనక నడిచినవాళ్ళు

1867 జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు నుంచి పడమరగా నలభై మైళ్ళు పోయి, తాళ్ళకొండపాడు దగ్గర చింతతోపులో గుడారం వేశారు. ఐదు రోజులున్నారు. తిరిగొచ్చేలోపు ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా బాప్టిస్టు సంఘాల్లో ఈ కథ తెలియని ఇల్లుండదు. సండే స్కూల్లో నేను విన్నాను, పెద్దయ్యాక సండే స్కూల్లో నేనే చెప్పాను. విన్నట్టే చెప్పాను: దొర వెళ్ళాడు, ఐదు రోజులు బోధించాడు, ఇరవై ఎనిమిది మంది నమ్మారు. యవనస్తుల్ని వెంటేసుకుని ఊళ్ళమ్మట సువార్తకు పోవడం మొదలుపెట్టాకే, ఆ చెప్పడంలో ఎంతమందిని వదిలేశానో నాకు తెలిసొచ్చింది.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. మా తాతముత్తాతలు చెప్పులు కుట్టారు, మోటబానలకు తోలు పదును చేశారు, జాతరలకు డప్పు కొట్టారు. ఈ మాట తలెత్తుకుని చెప్పడం మా నాయన నాకు నేర్పాడు. ఇది ముందే చెప్పడానికి కారణముంది. ఒంగోలు చుట్టుపక్కల సువార్త నడిచిన దారి చాలామటుకు ఆ తోలు పనివాళ్ళు నడిచిన దారే.

నేను మొదటిసారి యవనస్తుల్ని తీసుకెళ్ళింది 1991 ఎండాకాలం సెలవుల్లో. పదకొండు మంది పిల్లలు, ఒక హార్మోనియం, ఒక డోలక్, ఒక మెగాఫోన్, రెండు కట్టల కరపత్రాలు. ఆర్టీసీ బస్సులో కనిగిరి, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆ తర్వాత నడక. మందిరం వరండాలో చాపలు పరుచుకుని పడుకున్నాం. మూడు రోజులూ పొద్దున ఇల్లిల్లూ తిరగడం, సాయంత్రం పిల్లలకు పాటలు, రాత్రి కూటం. పిల్లలు గొంతులు పోయేదాకా పాడారు. మూడో రాత్రి కూటం అయిపోయాక ఒక పెద్దావిడ కర్ర ఊతంతో నా దగ్గరికొచ్చింది. ఆ పక్క ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళకు చాలామందికి కాళ్ళు వంగిపోతాయి, ఆమెకూ అంతే.

"మళ్ళీ ఎప్పుడొస్తారు బిడ్డా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ప్రభువు చిత్తమైతే వస్తామన్నాను.

"పోయినేడు ఒక జట్టొచ్చింది. అంతకు ముందేడు ఇంకొకళ్ళు. అందరూ బాగానే పాడారు. మా మామ కాలంలో వచ్చినాయన మాత్రం వానలు పడేదాకా ఉండేవాడంట" అంది.

తప్పుపడుతున్నట్టు కూడా అనలేదామె. పొద్దున్నే మా పదకొండు మందికీ సంగటి కెలికి, గోంగూర నూరి పెట్టి పంపించింది. బస్సులో పిల్లలు పాటలు పాడుతుంటే నేను వాళ్ళతో కలవలేకపోయాను. ఎవరా మామ కాలంలో వచ్చినాయన? వానలు పడేదాకా ఉన్నాయన పేరు ఆ ఊళ్ళో అడక్కుండానే వచ్చేశాను.

ఆ ఏడు నుంచి చదవడం మొదలుపెట్టాను. క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు మొదటి తరం మాదిగ బోధకుల జీవితాల్ని వాళ్ళ నోటినే విని రాసి, 1899లో పుస్తకంగా తెచ్చారు. దొరగారి ఆత్మకథ కూడా ఆమె చేతి మీదుగానే, ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1914లో వచ్చింది. ఆ రెండు పుస్తకాలు లేకపోతే మనకు మన పెద్దల పేర్లే మిగిలేవి కావు.

చదివితే తెలిసిన మొదటి సంగతి, తాళ్ళకొండపాడు ప్రయాణం దొర గుడారంతో మొదలవలేదని. మొదలుపెట్టింది ఎర్రగుంట్ల పేరయ్య. ఆయనది తోలు బేరం. బేరానికి ఊళ్ళు తిరిగేవాడు. రాజయోగం చెప్పే గురువుల దగ్గర ఉపదేశం తీసుకుని, దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగినవాడు కూడా. బేరం మీద ఉత్తరాన ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) మిషనరీ అలెగ్జాండర్ గారి బోధ చెవిన పడింది. తర్వాత ఒంగోలు వచ్చి బాప్టిస్టు మిషనరీలు జ్యూయెట్, క్లౌ దొరల్ని కలిశాడు. 1866 మార్చిలో బాప్తిస్మం పొందాడు. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు. ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది మరుసటి ఏడు జనవరి 1న.

ఇక్కడ లెక్క చూడండి. 1866 మార్చి నుంచి 1867 జనవరి దాకా పది నెలలు. ఆ పది నెలలూ పేరయ్య, ఆయన భార్య నాగమ్మ తమ ఊళ్ళోనే ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో తమ వాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడారు. జీతం లేదు, కరపత్రం లేదు. దొరగారికి అప్పటికి తెలుగుదేశం వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆయన భాష ఎంత వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. గుడారం వేసేసరికి చింతతోపులో ముప్పై నలభై మంది, ఆడా మగా, నాలుగు రోజులకు సరిపడా తిండి సామాన్లూ వంటపాత్రలూ తెచ్చుకుని కూర్చుని ఉన్నారు. తెలుసుకోవాలని వచ్చామన్నారు. ఆ జనాన్ని దొర పిలవలేదు. వాళ్ళను పిలిచినవాడు, వాళ్ళు నమ్మినవాడు, ఐదు రోజుల తర్వాత గుడారం ఎత్తేశాక వాళ్ళతో మిగిలినవాడు పేరయ్యే.

మిగలడం అంటే తేలిక కాదు. నమ్మినవాళ్ళు చచ్చిన గొడ్డు మాంసం ఇక తినం అన్నారు. జాతరకు డప్పు కొట్టం అన్నారు. ఆదివారం పనికి రామన్నారు. ఈ మూడు మాటలకూ ఊరు ఊరంతా లేచింది. బావి కాడికి రానివ్వలేదు, అంగట్లో సరుకులివ్వలేదు. దొర నలభై మైళ్ళ అవతల ఒంగోలులో ఉన్నాడు. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో తిరిగి, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చున్నది మళ్ళీ పేరయ్యలాంటివాళ్ళే. మన సండే స్కూలు కథ ఐదో రోజుతో అయిపోతుంది. నాకు ఆరో రోజు నుంచి జరిగిందే పెద్ద కథగా కనిపిస్తుంది.

ఇంకొంచెం వెనక్కి పోతాను. ఒంగోలు కొండ మీదికి మా సంఘాల వాళ్ళం ప్రతి జనవరి 1న చీకటితో ఎక్కుతాం. ప్రేయర్ మీటింగ్ హిల్ అని అందరికీ తెలిసిన పేరు, మా ఇంట్లో ప్రార్థన కొండ అనేవాళ్ళు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అక్కడ ఐదుగురు మోకాళ్ళూనారు. నెల్లూరు నుంచి పల్లెల మీద బోధించుకుంటూ వచ్చిన లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసాని, క్రిస్టియన్ నరసు అనే బోధకుడు, జూలియా, రూతు. ఒంగోలు వీధుల్లో వాళ్ళకు తిట్లూ రాళ్ళూ దొరికాయి. అంతకు ముందు ఏడే, 1853లో, అమెరికాలో అల్బనీ సభలో ఈ తెలుగు మిషనును మూసేయాలా వద్దా అన్న చర్చ నడిచింది. 1836లో శామ్యూల్ డే గారు వచ్చింది మొదలు అన్నేళ్ళకూ చేతికొచ్చింది అతి కొద్ది.

యవనస్తుల్ని కొండ మీద కూర్చోబెట్టి నేనెప్పుడూ ఒకటే ప్రశ్న అడుగుతాను: ఆ ఐదుగురిలో తెలుగువాళ్ళు ఎందరు? పిల్లలు జ్యూయెట్ పేరొక్కటే చెబుతారు. ముగ్గురు తెలుగువాళ్ళని, వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళని చెబితే ఆశ్చర్యపోతారు. 1854లో ఒక తెలుగు ఆడపిల్ల తన ఊరు కాని ఊళ్ళో, రాళ్ళు వేసే జనం మధ్య నడిచిందంటే ఎంత గుండె కావాలి! మా ఆడపిల్లల్ని సువార్తకు పంపమని అమ్మానాన్నల్ని అడగడానికి ఇంటింటికీ పోయినప్పుడల్లా నాకు జూలియానే గుర్తొస్తుంది. కొండ మీది ఆ పొద్దున గానీ, ఆ ప్రయాణం గానీ లెక్కల్లో రాసుకోవడానికేమీ మిగల్చలేదు. ఒంగోలులో మిషనరీ కాపురం పెట్టడానికి ఇంకా పన్నెండేళ్ళు పట్టింది. ఈరోజు ఏ సంఘమైనా యవనస్తుల్ని పంపి, తిరిగొచ్చాక ఎంతమంది చేతులెత్తారని లెక్క అడిగితే, ఆ లెక్కన 1854 ప్రయాణానికి సున్నా మార్కులే పడతాయి.

మనవాళ్ళు లెక్కలు ఘనంగా చెప్పుకునేది కరువు కాలం గురించి. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదినంతా పీల్చేసిన ధాత కరువు అది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకున్నారు. ఇక్కడికి రాకముందు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు, ఆ పని అక్కరకొచ్చింది. రాజుపాలెం దగ్గర కూలీల మకాం. వేలమంది ఆకలి జనం. మన బోధకులే మేస్త్రీలు. పగలంతా తట్టలు మోయించి, పొద్దుగూకాక కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. జనం బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వనన్నారు. నెల కాదు, రెండు నెలలు కాదు, పదిహేను నెలలు ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలేదాకా ఆగాలన్నారు.

కరువు సాయం డబ్బు అయిపోయాక, 1878 జూన్ చివర్లో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర విశ్వాసుల్ని కలుసుకోవాలని ఆయన కబురు పెట్టారు. కొత్తవాళ్ళను రావద్దన్నారు. వేలమంది వచ్చారు. ఇవ్వడానికి ఇంకేమీ లేదని చెప్పినా కదల్లేదు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజులకు మొత్తం 3,536. ఆ ఏడు ఆఖరుకు 9,606. ఈ రెండువేల రెండువందల ఇరవై రెండు అంకెను మనవాళ్ళు గోడల మీద రాసుకున్నారు, రాసుకోదగిందే. అయితే నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున, మార్చుకుంటూ ఇచ్చారు. పొద్దున, మళ్ళీ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, హడావుడి లేకుండా. వచ్చినవాళ్ళు ఏ పల్లెవాళ్ళో, ఎవరి బంధువులో ఎరిగిన బోధకులు పక్కనే ఉన్నారు. మా నాయనమ్మ వాళ్ళమ్మ ఆ గుంపులో ఉందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. రుజువు నా దగ్గర లేదు. ఉందనే నేను నమ్ముతాను.

ఆ పదిహేను నెలల ఆగడం నాకు పుస్తకంలో సంగతిగా ఉండిపోలేదు. 2004 డిసెంబరు 26న సునామీ మా జిల్లా తీరాన్నీ కొట్టింది. సంక్రాంతి సెలవుల్లో పద్నాలుగు మంది యవనస్తుల్ని తీసుకుని సముద్రపు ఒడ్డు పల్లెకు వెళ్ళాను. బియ్యం, దుప్పట్లు, వంటపాత్రలు పట్టుకెళ్ళాం. మాకంటే ముందొచ్చిన ఒక జట్టు జనాన్ని వరసలో కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, చేతులెత్తమని అడిగి, ఆ తర్వాత బియ్యం కొలుస్తున్నారు. పక్కన ఒకతను ఫోటోలు తీస్తున్నాడు. వలలు పోగొట్టుకున్న ఒక ముసలాయన చెయ్యెత్తి, నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ చూపు ఈనాటికీ నన్ను వదల్లేదు.

రాత్రి పిల్లలతో గట్టిగా చెప్పాను. ఇక్కడ మనం పాట పాడం, కరపత్రం ఇవ్వం, బియ్యం ఇచ్చి గుడిసెలు ఎత్తడానికి చెయ్యేసి పోదాం అన్నాను. ఒకబ్బాయికి కోపం వచ్చింది.

"ప్రభువు పేరు చెప్పకుండా అన్నం పెడితే మనకూ వేరేవాళ్ళకూ తేడా ఏముంది టీచరమ్మా?"

"అడిగినవాళ్ళకు చెప్పు. అడగనివాళ్ళకు తాటాకు అందించు" అన్నాను. కాలువ తవ్వకం కథ, పదిహేను నెలల కథ చెప్పాను. ఒప్పుకున్నాడో లేదో కానీ పొద్దున లేచి అందరికంటే ముందు గుంజలు పాతాడు. ఇప్పుడు అతనే ఒక సంఘంలో యవనస్తుల నాయకుడు. ఆకలితో ఉన్నవాళ్ళ దగ్గర చేతులెత్తించకూడదన్న మాట అతని నోట నేను విన్నాను.

ఊళ్ళు తిరిగే సువార్త ఒంగోలువాళ్ళ సొత్తు కాదు. బందరులో 1841లో దిగిన ఇద్దరు సీఎంఎస్ దొరల్లో రాబర్ట్ నోబుల్ గారు బడి పట్టుకుంటే, హెన్రీ ఫాక్స్ గారు గుడారం పట్టుకుని పల్లెలు తిరిగారు. గోదావరి డెల్టాలో కాలువలు వచ్చాక మిషనరీలు పడవల్లోనే కాపురముండి రేవు రేవునా ఆగేవారు. ఉత్తరాంధ్రలో పురుషోత్తమ చౌదరి గారు కీర్తనలు కట్టి పాడుకుంటూ తిరిగారు. ఆ కీర్తనలు ఇప్పటికీ మా పిల్లల నోళ్ళలో ఉన్నాయి, ఆయన నడిచిన దారులు మాత్రం వాళ్ళకు తెలియవు.

దోర్నకల్ సంగతి కొంచెం ఆగి చెప్పాలి. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషను సంఘం పెట్టుకుని తెలుగు పల్లెలకు మనుషుల్ని పంపారు. ఆ సంఘం పెట్టడంలో ముందున్న వి.ఎస్. అజరయ్య గారు అప్పటికే వైఎంసీఏలో దేశమంతా తిరిగే పెద్ద ఉద్యోగి. 1909లో అది వదిలేసి, ముప్పై అయిదేళ్ళ వయసు దగ్గర్లో తానే దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్పయ్యాక కూడా ఎద్దుబండి వదల్లేదు. పల్లెల్లో కొత్త విశ్వాసుల చేత తలమీద చెయ్యి పెట్టించి, తాము సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలికించేవారట. సువార్త చెప్పే పని వచ్చిపోయేవాళ్ళది కాదని, ఊళ్ళో ఉండేవాళ్ళదని ఆయన పట్టుదల. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఆ ఊరే ఆయన ఊరు.

1960ల్లో లారీల మీద దేశమంతా తిరిగే యువకుల జట్లు వచ్చాయి. పుస్తకాలు అమ్ముతూ, దొరికింది తింటూ, సిమెంటు గచ్చు మీద పడుకుంటూ తిరిగిన ఆ పిల్లల క్రమశిక్షణ మెచ్చుకోవాల్సిందే. నా తరంలో చాలామంది వాళ్ళను చూసే బయల్దేరారు, నేనూ అంతే. కానీ అప్పటి నుంచే ప్రయాణాన్ని రోజుల్లో కొలవడం మనకు అలవాటైంది. మూడు రోజులు, పది రోజులు, ఒక నెల. వెళ్ళేవాళ్ళ సెలవుల్ని బట్టి తేదీలు పడతాయి. ఊరివాళ్ళు కోతల్లో ఉన్నారా, కూలికి వలస పోయారా అని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ కర్ర ఊతం పెద్దావిడ ప్రశ్నకు జవాబుగా నేను చేయగలిగింది కొంచెమే. ఇరవై ఊళ్ళు తిరగడం మానేసి మూడు ఊళ్ళు పట్టుకున్నాం. తేదీ ఆ ఊరి పాస్టరుగారు చెబుతారు, మేము చెప్పం. పిల్లల కంటే ముందు నేనొక్కదాన్నే పోయి రెండు రాత్రులుండి వస్తాను. ఊళ్ళోకి పోయాక మొదటి పూట మైకు పట్టరు. ఇళ్ళలో కూర్చుని వింటారు, పెట్టింది తిని గిన్నెలు కడుగుతారు. ఒక్కొక్కరి దగ్గరా నోటు పుస్తకం ఉంటుంది. ఈ ఊళ్ళో మొదట నమ్మింది ఎవరు, ఎవరి వల్ల, ఆ రోజుల్లో ఏం జరిగింది అని అడిగి రాసుకుంటారు. క్లౌ దొరగారి కాలంలో బోధకులంతా మూడు నెలలకోసారి ఒంగోలు చేరి, తమ పల్లెల సంగతులు చెప్పుకుని, నేర్చుకుని పోయేవారు. ఆ లెక్కనే మూడు నెలలకోసారి మా ఇంటి వరండాలో పిల్లలూ, ఆ మూడు ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దలూ కూర్చుంటారు. అప్పుడు బోధ చెప్పేది ఊరివాళ్ళు. వినేది మా పిల్లలు.

మొదటి ప్రయాణం మరుసటి ఏడే ఆ పెద్దావిడ ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఆమె లేదు. "వస్తుందని చూసింది" అంది కోడలు. మామ కాలంలో వచ్చినాయన పేరు కోడలికి తెలియదు, ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నా నోటు పుస్తకంలో ఆ ఊరి పేజీలో పేరు రాయాల్సిన చోట ఖాళీ అట్లాగే ఉంచాను.

ఈ ఎండాకాలం యవనస్తుల్ని తీసుకుని బయల్దేరబోతున్న అన్నలారా, అక్కలారా, బస్సు మాట్లాడుకునే ముందు ఒకసారి ఒంటరిగా ఆ ఊరు వెళ్ళండి. అక్కడ మొదట నమ్మిన మనిషి పేరు అడిగి రాసుకోండి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్ళు ఇంకా కొంతమంది బతికున్నారు.